ఖాళీ లేదు

పాతబస్తీలోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో సర్వీస్ డెస్క్ ఇన్‌చార్జిగా నేను బాధ్యత తీసుకున్నది కరోనా రెండో విడత తగ్గిన ఏడాది, ఆగస్టు నెలలో. అప్పటికి అదే ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. నాకంటే ముందు ఆ కుర్చీలో హమీద్ ఉండేవాడు. ఆ మే నెలలో, మా ఆసుపత్రిలోనే, మూడో అంతస్తులోని ఐసీయూలో చనిపోయాడు. మేమిద్దరం ఒకే ఏడాది ఉద్యోగంలో చేరినవాళ్లం. అతను పోయేనాటికి నేను కూడా జబ్బుతో సంతోష్‌నగర్‌లో మా ఇంట్లో పడి ఉన్నాను. మట్టికి వెళ్లలేదు.

నేను చెప్పబోయేది మరుసటి ఏడాది జూన్‌లో జరిగింది. ముందు మా పని గురించి కొంత చెప్పాలి.

ఆసుపత్రిలో ఎవరి కంప్యూటర్‌కు ఏ ఇబ్బంది వచ్చినా వాళ్లు సర్వీస్ డెస్క్‌లో ఒక ఫిర్యాదు నమోదు చేస్తారు. దాన్ని టికెట్ అంటాం. ప్రతి టికెట్‌నూ డెస్క్ మీద ఉన్నవాళ్లు చదివి ఒక కేటగిరీలో వేస్తారు. కేటగిరీని బట్టి ప్రాధాన్యం దానంతటదే పడుతుంది. ఒకటో ప్రాధాన్యం అంటే పావుగంటలో మనిషి అక్కడ ఉండాలి. నాలుగో ప్రాధాన్యం అంటే రెండు పనిదినాల గడువు.

దీనితో పాటు సాఫ్ట్‌వేర్ కేటలాగ్ అని ఒకటి ఉంటుంది. ప్రతి కంప్యూటర్‌లోనూ ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం పెడతాం. అది ఆ కంప్యూటర్‌లో ఏమేం సాఫ్ట్‌వేర్లు ఉన్నాయో చూసి మాకు పంపుతుంది. అలా వచ్చిన ప్రతి పేరుకూ కేటలాగ్‌లో ఒక వరుస ఏర్పడుతుంది. పేరు, యజమాని, ఎన్ని కంప్యూటర్లలో ఉంది, ఏ కేటగిరీ అనే వివరాలు ఆ వరుసలో ఉంటాయి. యజమాని అంటే కొన్నవాడు కాదు, ఆ సాఫ్ట్‌వేర్ గురించి జవాబు చెప్పవలసిన ఉద్యోగి. కేటగిరీలు ల్యాబ్, ఫార్మసీ, బిల్లింగ్, కార్యాలయం, ఇలా ఉండేవి. ఎక్కడా ఇమడనివి 'ఇతరాలు' అనే దానిలోకి పోయేవి.

బయటివాళ్లు కేటగిరీని ఒక చీటీ అనుకుంటారు. అది చీటీ కాదు, ఆజ్ఞ. ఒక సాఫ్ట్‌వేర్‌ను ఉన్న కేటగిరీలోంచి 'తొలగింపు' అనే కేటగిరీలోకి మారిస్తే, ఏజెంట్ ఆ రోజే మనిషి ప్రమేయం లేకుండా దాన్ని కంప్యూటర్లలోంచి తీసేస్తుంది. తీసేస్తున్నట్టు ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకు చెప్పదు. అప్పట్లో మేం అలాగే పెట్టుకున్నాం. చెబితే ఫోన్లు ఎక్కువ వస్తాయని.

ఈ కేటలాగ్‌ను మొదట తయారుచేసింది హమీదే. పాత రిజిస్టర్లలో ఉన్న జాబితాను కొత్త సిస్టమ్‌లోకి ఎక్కిస్తున్నప్పుడు చాలా వరుసల్లో పేర్లు లేవని తేలింది. పేరు గడి నింపకుండా వదిలితే సిస్టమ్ ఆ వరుసను ఒప్పుకునేది కాదు. హమీద్ విసుగెత్తి, పేరు లేని ప్రతి వరుసలోనూ ఇంగ్లీషు అక్షరాల్లో 'ఖాళీ' అని కొట్టుకుంటూ పోయాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఏంది హమీద్ భాయ్, ఖాళీతోని నింపుతున్నవా?" అని అడిగాను.

"ఖాళీగ పెట్టొద్దంటది సర్కార్. ఖాళీ అని రాస్తే ఖుష్. మనదేం పోతది నర్సింగ్ భాయ్?" అన్నాడు.

ఆ మాట నాకు గుర్తుండిపోయింది. జరిగినదానికి అది కూడా ఒక కారణం.

ఆ జూన్‌లో మా ఆసుపత్రికి తనిఖీ బృందం రావలసి ఉంది. లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్లు ఎక్కడా ఉండకూడదని, కేటలాగ్ శుభ్రంగా ఉండాలని పరిపాలనాధికారి ఆదేశించారు. ఆయన్ని మేమంతా ఏఓ సార్ అనేవాళ్లం. 'ఇతరాలు'లో మూడు వందలకు పైగా వరుసలున్నాయి. నేను సోమవారం కూర్చున్నాను. ఒక్కొక్క పేరు చూసి, తెలిసినదాన్ని దాని కేటగిరీలోకి పంపాను. తెలియనిదానికి ఫోన్ చేసి కనుక్కున్నాను. ఆ పని నాకు ఇష్టమైనదే. చిన్నప్పటి నుంచి అఫ్జల్‌గంజ్ గ్రంథాలయంలో పుస్తకాలు తెచ్చుకునేవాడిని. బీరువా మారిన పుస్తకం పోయిన పుస్తకమే అని అక్కడి ఉద్యోగి ఒకాయన చెప్పేవాడు. నేను నా పనిని ఆ దృష్టితోనే చూశాను.

మంగళవారం పదకొండు గంటలకు 'ఖాళీ' వరుసల దగ్గరికి వచ్చాను. నలభైకి పైగా ఉన్నాయి. ఇవి ఏమిటో నాకు తెలుసు. పేరును బట్టి వెతికి, అన్నిటినీ ఒకేసారి ఎంచుకుని, 'తొలగింపు' కేటగిరీలోకి మార్చాను. ఎన్ని కంప్యూటర్లలో ఉందో చూపే నిలువు గడి తెరకు కుడివైపు చివరన ఉంటుంది. అది కనబడాలంటే తెరను పక్కకు జరపాలి. నేను జరపలేదు. జరిపి ఉంటే అన్ని వరుసల్లోనూ సున్నా ఉండి, ఒక్క వరుసలో రెండు అని కనబడేది.

మా దగ్గర ఇలాంటి మార్పులకు యజమాని ఆమోదం తప్పనిసరి. ఆ వరుసలన్నిటికీ యజమాని హమీద్. అతని ఖాతా మూసేసి ఏడాది దాటింది. యజమాని ఖాతా మూతపడితే ఆమోదం కేటలాగ్ బాధ్యుడికి పోవాలని సిస్టమ్‌లో నియమం ఉంది. కేటలాగ్ బాధ్యుడిని నేను. కనుక నేను పంపిన అభ్యర్థన హమీద్ పేరు మీదుగా తిరిగి నాకే వచ్చింది. ఆమోదించాను.

ఆ నలభై చిల్లర వరుసల్లో ఒకటి నిజంగా ఖాళీ అనే పేరున్న ప్రోగ్రాం.

దాని గురించి నాకు తర్వాత చెప్పింది ఐసీయూ ఇన్‌చార్జి విజయ సిస్టర్. రెండో విడత కరోనాలో, నేను ఇంట్లో ఉన్న రోజుల్లో, కింద క్యాజువాల్టీ నుంచి మూడో అంతస్తుకు బెడ్ల కోసం ఎడతెగని ఫోన్లు వచ్చేవట. ఎవరెవరి సిఫారసులో చెప్పేవాళ్లట. నర్సులు రోగులను వదిలి ఫోన్లు ఎత్తవలసి వచ్చేది. హమీద్ రెండు రోజులు కూర్చుని ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. ఐసీయూలో బెడ్ ఖాళీ అయితే సిస్టర్ ఒక మీట నొక్కుతుంది. నిండితే ఇంకొకటి. కింద క్యాజువాల్టీ రిసెప్షన్ తెర మీద అంకె మారుతుంది. అంతే.

"పేరేం పెడదాం సార్ అని నేనే అడిగిన," అని విజయ సిస్టర్ చెప్పింది. "పెద్ద పేరు పెడితే ఎవడు పిలుస్తడు సిస్టర్, పొద్దుగూకులు అందరడిగేది ఖాళీ ఉందా అనే గదా, గదే పెడత అన్నడు. పదిహేను దినాలకు ఆయనకే బెడ్ కావాల్సొచ్చింది. మీట నేనే నొక్కిన."

ఆ తర్వాత ఏఓ సార్ ఒక సర్క్యులర్ ఇచ్చారు. బెడ్ల కోసం ఐసీయూకి ఎవరూ ఫోన్ చేయరాదు, తెర చూసి చెప్పాలి అని. పది నెలలుగా వరండాల్లో ఆ మాట నా చెవిన పడుతూనే ఉంది. "ఖాళీ చూడు", "ఖాళీల ఒకటుంది" అని. అది ఒక పేరని నాకు తట్టలేదు. మామూలు మాటలాగే వినబడింది. రిసెప్షన్ తెర మీద అంకెను కూడా చూశాను. ఆసుపత్రి పెద్ద సాఫ్ట్‌వేర్‌లో అదొక భాగం అనుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండు దాటాక ఐసీయూ కంప్యూటర్‌లోని ఏజెంట్ ఆ ప్రోగ్రాంను తీసేసింది. రిసెప్షన్ కంప్యూటర్‌లో మాత్రం తీయలేదు. అక్కడి కంప్యూటర్ పాతది. ఏజెంట్ నడిచినప్పుడల్లా నెమ్మదిస్తోందని అక్కడి గుమస్తా సాల్మన్ మొరపెట్టుకుంటే, రెండు నెలల కిందట నేనే దాన్ని ఆపేశాను. అంటే అంకె పంపే చివర పోయింది. అంకె చూపే చివర మిగిలింది. రెండూ పోయి ఉంటే తెర బోసిగా ఉండేది, ఎవరో ఒకరు పైకి పరిగెత్తి అడిగేవాళ్లు. ఆ క్షణానికి ఐసీయూ నిండుగా ఉంది. తెర మీద సున్నా ఉంది. ఆ సున్నా అలాగే నిలబడిపోయింది.

రెండు గంటలకు ఐసీయూ నుంచి టికెట్ వచ్చింది. డ్యూటీలో ఉన్న నర్సు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. "ఐసీయూ సిస్టమ్‌లో ఖాళీ లేదు." అంతకు మించి ఒక్క మాట లేదు. డెస్క్ మీద నేనే ఉన్నాను. ఐసీయూ కంప్యూటర్‌లో డిస్కు నిండిపోవడం తరచూ జరిగేదే. స్కానుల బొమ్మలు దానిలో పేరుకునేవి. ఖాళీ లేదంటే డిస్కులో చోటు లేదని చదువుకున్నాను. 'నిల్వ స్థలం' అనే కేటగిరీలో వేశాను. నాలుగో ప్రాధాన్యం పడింది. అనవసరమైన ఫైళ్లు తీసేయండి, గురువారం మా మనిషి వస్తాడు అని జవాబు కూడా రాశాను. తనిఖీ పనుల్లో పడి గురువారం ఎవరినీ పంపలేదు. ఆ జవాబును అక్కడ ఎవరూ తెరిచి చదవలేదు. టికెట్ నమోదైంది అనే సందేశం చూసి, పని జరుగుతోందని అనుకున్నారు.

టికెట్ నమోదు చేసేటప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ గురించో ఎంచుకునే జాబితా ఒకటి కనబడుతుంది. ఆ జాబితా కేటలాగ్ నుంచి వస్తుంది. నర్సు అందులో ఖాళీ కోసం వెతికిందట. లేదట. ఉండదు. మూడు గంటల ముందు నేను తీసేశాను.

బుధవారం ఉదయం పదింటికి ఐసీయూలో ఒక బెడ్, పన్నెండింటికి ఇంకొకటి ఖాళీ అయ్యాయి. నొక్కడానికి మీట లేదు. విజయ సిస్టర్ ఫోన్ చేయలేదు. కింది తెర కూడా పోయి ఉంటుందని, కావలసినవాళ్లు పైకి వచ్చి అడుగుతారని ఆమె అనుకుంది. కింది నుంచి ఎవరూ రాలేదు. ఆ రోజు కేసులు లేవనుకుంది.

నాలుగు గంటలకు కిష్టయ్య అనే పాల వ్యాపారిని క్యాజువాల్టీకి తెచ్చారు. యాభై ఏళ్లు ఉంటాయి. గుండెపోటు. డ్యూటీ డాక్టర్ చేయగలిగింది చేసి, వెంటనే ఐసీయూ కావాలన్నాడు. సాల్మన్ తెర చూశాడు. ఖాళీ లేదని చెప్పాడు. కిష్టయ్య తమ్ముడు శ్రీశైలం బతిమాలాడు. సాల్మన్ మళ్లీ తెర చూశాడు. వేరే దవాఖానకు తీసుకుపొమ్మని అంబులెన్స్ పిలిపించాడు. వంతెన దాటి అఫ్జల్‌గంజ్ చేరకముందే కిష్టయ్య చనిపోయాడు.

శుక్రవారం శ్రీశైలం పదిమందితో ఆసుపత్రికి వచ్చాడు. వాళ్ల గల్లీ ఆమె ఒకతి ఐసీయూలో ఊడ్చే పని చేస్తుంది. ఆ రోజు మధ్యాహ్నమంతా రెండు బెడ్లు ఖాళీగా ఉన్నాయని ఆమె చావింటికి వచ్చినప్పుడు చెప్పింది. రిసెప్షన్ దగ్గర లొల్లి నాకు రెండో అంతస్తు దాకా వినబడింది. శ్రీశైలం గొంతు పెంచలేదని, అతని వెంట వచ్చినవాళ్లే అరిచారని తర్వాత తెలిసింది. అతను సాల్మన్‌ను ఒకే మాట అడిగాడట.

"ఎవని సిఫారసు కోసం ఆపినవ్ భాయ్ బెడ్డు? పేరు చెప్పు, పోయి ఆయన్నే అడుగుత."

ఆ సాయంత్రమే సాల్మన్‌ను సస్పెండ్ చేశారు. ఐసీయూలో రెండు బెడ్లు ఖాళీగా ఉండగా రోగిని తిప్పి పంపినందుకు, పంపే ముందు ఐసీయూకి ఫోన్ చేసి కనుక్కోనందుకు. ఫోన్ చేయరాదని సర్క్యులర్ ఇచ్చిన చేయే ఆ ఉత్తర్వు మీద కూడా సంతకం చేసింది.

శనివారం సాల్మన్ నా దగ్గరికి వచ్చాడు. పదకొండేళ్లుగా రిసెప్షన్‌లో ఉన్న మనిషి. ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడేవాడు. ఆ రోజు కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, నాకొక్క కాగితం కావాలె. బుధవారం నాలుగు గంటలకు తెర మీద ఎంతుండెనో రాసియ్యున్రి. సున్నా ఉండె సార్. నా బిడ్డల మీద ఒట్టు. గింత పెద్ద సున్నా."

రాసిస్తానన్నాను.

"ఉద్యోగం పోతే ఫికర్ లేదనుకుంట గాని, గిట్ల పోతే ఏ దవాఖానోళ్లు పెట్టుకుంటరు సార్? బెడ్డు దాచి మనిషిని సంపినోడంటరు. చర్చిల పాస్టర్ ఏం అడుగలే. పక్కన కూసునేటోళ్లు జరిగి కూసుంటున్రు."

నేను అతనితో కిందికి వెళ్లాను. శనివారం మధ్యాహ్నం కూడా తెర మీద సున్నా ఉంది. మూడో అంతస్తుకు వెళ్లాను. విజయ సిస్టర్ నన్ను చూడగానే, "ఇప్పుడొచ్చిన్రా సార్? మంగళారం టికెట్ వేసినం" అంది. ఏమని వేశారని అడిగాను. "ఖాళీ లేదని. ఖాళీ పోయింది గద మా సిస్టమ్‌లకెల్లి" అంది. ఆమె ఎదుటే కంప్యూటర్ తెరిచి చూశాను. మార్పుల చిట్టాలో ఆ వరుస ఉంది. పేరు ఖాళీ. యజమాని హమీద్. కేటగిరీ తొలగింపు. మార్చినవారు నేను. ఆమోదించినవారు నేను.

ముందు ఏఓ సార్ దగ్గరికి వెళ్లి నోటితో చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. మధ్యలో ఆపకుండా విన్నారు. తర్వాత తలుపు వేయమన్నారు.

"ఆ ప్రోగ్రాంకు అనుమతి ఉండెనా?" అని అడిగారు.

రాతపూర్వకంగా లేదన్నాను. ఆ రోజుల్లో దేనికీ లేదని కూడా అన్నాను.

"మరి గదే రాయున్రి. అనుమతి లేని ప్రోగ్రాం, హమీద్ సొంతంగ పెట్టిండు, అది పని జెయ్యకుంట పోయింది. సాల్మన్ బయటపడ్తడు. ఎనిమిది నెలల్ల రిటైర్ అయ్యేటాయన, మీరూ బయటపడ్తరు. హమీద్‌కు మనం మెమో ఇచ్చేది లేదు గద."

అది నేను రాయలేదు. అలాగని నిజం కూడా రాయలేదు. ఆదివారం ఇంట్లో కూర్చుని ఒక పేజీ నివేదిక తయారుచేశాను. హమీద్ పేరు ఎక్కడా రానివ్వలేదు. నా పేరు కూడా రాలేదు. "కేటలాగ్ శుద్ధి ప్రక్రియలో భాగంగా సదరు సాఫ్ట్‌వేర్ తొలగించబడింది. తత్ఫలితంగా రిసెప్షన్ తెర మీద పాత సంఖ్య కొనసాగింది" అని రాశాను. చదువుకుంటే ప్రతి వాక్యమూ నిజమే. ముప్పై ఏళ్లుగా కార్యాలయాల్లో ఇలాంటి వాక్యాలు రాస్తూ వచ్చాను. చేసినవాడు లేకుండా పని జరిగినట్టు రాయడం మాకు అలవాటైన విద్య.

సోమవారం ఒక నకలు సాల్మన్‌కు ఇచ్చాను. అతను పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివాడు.

"తొలగించబడింది అని రాసిన్రు. ఎవరు తీసిన్రు సార్?"

నేను కాగితం కోసం చెయ్యి చాచాను. అతను ఇవ్వలేదు.

"ఎందుకడుగుతున్ననంటే, తీసినోళ్లు లేకుంటే అది మళ్ల నా మీదికే తిరుగుతది. దానంతటదే పోయింది, తెర ముందట కూసున్నోనివి నువ్వు జూడాలె గద అంటరు. పేరుంటేనే పని అయితది సార్."

"నేనే తీసిన," అన్నాను. వాడుకలో లేని వరుస అనుకున్నానని, చూడలేదని చెప్పాను. మంగళవారం టికెట్‌ను ఏమని చదువుకున్నానో కూడా చెప్పాను.

సాల్మన్ కాగితాన్ని మడిచాడు. మళ్లీ విప్పి నా బల్ల మీద పెట్టాడు.

"నేను హమీద్ సార్ ఏమో, పోయినాయన పేరు రాయలేక మీరట్ల రాసిన్రేమో అనుకున్న," అన్నాడు. దాన్ని నా వైపు జరిపి, "మరి గదే రాయున్రి సార్" అన్నాడు. కోపంగా అనలేదు. టికెట్‌లో వివరాలు సరిగా నింపమని మేం చెప్పేటప్పుడు ఏ గొంతుతో చెబుతామో ఆ గొంతుతో అన్నాడు.

రెండో నివేదికలో "నేను తొలగించాను" అని రాశాను. కుడివైపు గడి చూడలేదని రాశాను. టికెట్‌ను తప్పు కేటగిరీలో వేసింది నేనని, రిసెప్షన్‌లో ఏజెంట్‌ను ఆపింది కూడా నేనని రాశాను. ఏఓ సార్ దాన్ని చదివి, ఇక మాట్లాడేదేమీ లేదన్నట్టు ఫైల్లో పెట్టారు. నాకు అభియోగాల మెమో వచ్చింది. విచారణ జరిగింది. మూడు వారాలకు సాల్మన్ సస్పెన్షన్ ఎత్తేశారు. అతను రిసెప్షన్‌కు తిరిగి వెళ్లలేదు. తెర ముందు కూర్చోనని చెప్పి రికార్డు రూంకు మార్పించుకున్నాడు. నేను రిటైరయ్యే దాకా అక్కడే ఉన్నాడు. ఎదురుపడితే నమస్తే సార్ అనేవాడు. అంతకు మించి మాటల్లేవు.

కిష్టయ్య కుటుంబానికి ఆసుపత్రి పంపిన ఉత్తరంలో "సాంకేతిక కారణాల వల్ల" అని ఉంది. ఆ ఉత్తరం నేను చూశాను. చూశాక శ్రీశైలం దగ్గరికి వెళ్లాను. నన్ను ఎవరూ వెళ్లమనలేదు. వెళ్లొద్దని ఏఓ సార్ చెప్పారు కూడా.

సాయంత్రం పాలు పిండే వేళ. రేకుల కొట్టంలో ఆరు బర్రెలున్నాయి. అన్నదమ్ములిద్దరూ కలిసి చేసుకునే పని ఇప్పుడు ఒక్కడే చేస్తున్నాడు. నేనెవరో చెప్పాను. అతను లేవలేదు. బర్రె పొదుగు కడుగుతూనే విన్నాడు.

"ఒక్క మాట చెప్పు సార్. ఆ రోజు బెడ్డు ఉండెనా, లేకుండెనా?"

"ఉండె. రెండుండె."

"మరి గాయన లేదన్నడు."

"ఆయనకు లేదనే కనబడ్డది. గట్ల కనబడేటట్టు చేసింది నేను."

"కావాలని జేసినవా?"

"కాదు. పేరు చూసి పనికిరానిదనుకున్న."

"అంటే చూడకుంటనే తీసినవ్."

"చూడకుంటనే."

అతను చెంబు పక్కన పెట్టాడు. 

"మా వదినెకు నేనేం చెప్పాలె? కంప్యూటర్ల ఒక పేరు కొట్టేసిన్రంట, గందుకు అన్న పోయిండని చెప్పాల్నా? ఎవరి సిఫారసుకో బెడ్డు ఆపిన్రంటే ఆమెకు సమజైతది. తిట్టుకుంటది, ఏడుస్తది. గిది ఎట్ల సమజ్ జెయ్యాలె?"

 సాల్మన్ తప్పు లేదన్న సంగతి మాత్రం ఆమెకు చెప్పమని అడిగాను. చెప్తానన్నాడు. చెప్పాడో లేదో నాకు తెలియదు.

"ఇగ పో సార్," అన్నాడు. "కొత్త మనిషి నిలబడితే బర్రె చేపదు, పాలియ్యదు."

నేను వచ్చేశాను.

మిగిలిన నెలల్లో కేటలాగ్ పద్ధతులు మార్చాను. ఏ సాఫ్ట్‌వేర్‌నైనా తీసే ముందు నెల రోజులు 'వాడకం ఆపినవి' అనే కేటగిరీలో ఉంచాలి. ఆ నెలలో అది ఉన్న ప్రతి కంప్యూటర్ దగ్గరికీ మనిషి నడిచి వెళ్లి, ముందు కూర్చున్నవాళ్లను అడగాలి. ఒకే మనిషి మార్పు కోరి ఒకే మనిషి ఆమోదించే దారిని మూసేశాను. యజమాని లేకపోతే ఆమోదం వాడుతున్న విభాగానికి పోతుంది. ఐసీయూ ప్రోగ్రాంను తిరిగి పెట్టినప్పుడు అంకె పక్కన చివరిసారి మారిన సమయం కూడా కనబడేలా చేయించాను. గంట దాటితే అంకె బదులు "ఫోన్ చేయండి" అని వస్తుంది. సర్క్యులర్‌ను సవరించమని రాసి పంపాను. సవరించారు.

యజమానిగా ప్రస్తుతం పనిచేస్తున్న ఉద్యోగి పేరే ఉండాలి కనుక, ఆ వరుసలో హమీద్ పేరు తీసి విజయ సిస్టర్ పేరు రాశాను. కేటలాగ్‌లో హమీద్ పేరున్న చివరి గడి అదే.

నా పదవీ విరమణ ఉత్తర్వులో శాఖాపరమైన చర్య ముగిసినట్టు ఒక వాక్యం ఉంది. ఆ వాక్యంలో ఏ చర్యో, ఎందుకో లేదు.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు తెలుసుకోవలసింది ఇంతే. 'ఇతరాలు' అంటే పనికిరానివి కాదు, మనకు తెలియనివి. తెలియనిదాన్ని జాబితాలో చూసి నిర్ణయించకూడదు, ఉన్నచోటికి వెళ్లి చూడాలి. టికెట్‌లో రాసిన మాటకు మనకు అలవాటైన అర్థం తట్టినప్పుడు, రాసినవాళ్లకు ఒక్కసారి ఫోన్ చేయాలి. ఆ ఫోన్‌కు ఒక నిమిషం పట్టేది.

ఆ సిస్టమ్ ఇప్పటికీ పేరు గడిని నింపకుండా వదిలితే ఒప్పుకోదు. పేరు లేని చోట "పేరు తెలియదు, వెళ్లి చూడాలి" అని రాయాలని నియమం పెట్టాను. 'ఖాళీ' అని రాయకూడదని దాని కింద విడిగా ఇంకొక వాక్యం చేర్చాను. నేను ఉన్నంత కాలం ఆ వాక్యం ఎందుకని ఎవరూ అడగలేదు.